కట్టడం పూర్తయింది, ఊరు మిగిలింది

శుక్రవారం

నల్గొండ నుంచి సాగర్ బస్సు ఎక్కినవాళ్లు హాలియా వచ్చేసరికైనా నిద్ర లేవాలి. అప్పటిదాకా గుట్టలు, బత్తాయి తోటలు, అడుగంటిన కుంటలు. ఎడమ కాలువ ఆయకట్టు తగలగానే నేల రంగే మారిపోతుంది. రోడ్డుకు రెండు పక్కలా యాసంగి వరి, గట్ల మీద కొంగలు, మలుపు మలుపుకూ ఎరువుల దుకాణం. అటు మిర్యాలగూడ దాకా ఇదే పచ్చదనం, ఈ వడ్ల మీద బతికే రైస్ మిల్లులు. మన బస్సు మాత్రం అటు వెళ్లదు. పెద్దవూర దాటాక వరి వెనకబడుతుంది, మళ్లీ రాళ్లూ తుమ్మచెట్లూ మొదలవుతాయి. జలాశయానికి దగ్గరవుతున్నకొద్దీ నేల ఎండిపోవడం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఆనకట్ట పక్కనే ఉన్నా మెట్ట ఊళ్ల మీదికి కాలువ ఎక్కదు.

నేను బయలుదేరింది నాగార్జునసాగర్ ఆనకట్ట ఇరవై ఆరు గేట్లు చూడటానికి కాదు. నేను పెరిగింది ఇల్లందులో. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది అక్కడే. నాకు ఊహ తెలిసేనాటికి భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. సైరన్ మోగడం మానేసిన ఊళ్లో మనుషులు ఎలా మెలుగుతారో చూస్తూ పెరిగాను. కాలేజీలో నా గదిలో ఉన్న సాగర్ మిత్రుడు ఎప్పుడూ ఒక మాట అనేవాడు: “మాదీ మీలాంటి ఊరే, గని లేదు, అంతే తేడా.” ఆ మాట సంగతేమిటో చూద్దామని ఇన్నేళ్లకు కుదిరింది.

కండక్టర్ ఒకసారి పైలాన్ అని, ఇంకోసారి హిల్ కాలనీ అని కేకేస్తాడు. నాగార్జునసాగర్ అన్నది జలాశయానికి పేరు. మున్సిపాలిటీ కాగితాల్లో ఊరు నందికొండ. నది అవతలిది విజయపురి సౌత్, పాత తరానికి ఇప్పటికీ రైట్ బ్యాంకు. పైలాన్ కాలనీకి ఆ పేరు శంకుస్థాపన గుర్తుగా కట్టిన స్తంభం వల్ల వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఇక్కడ పునాదిరాయి వేశాడు. ఈ పని తనకు ఒక పవిత్ర కార్యమని, ఇవి దేశం కట్టుకుంటున్న కొత్త ఆలయాలని ఆయన అన్న మాటలు ప్రసిద్ధం. ఆ రోజుకు నదికి ఇటు హైదరాబాద్ రాష్ట్రం, అటు ఆంధ్ర రాష్ట్రం. ఏడాది తిరగకుండానే రెండూ ఒకటయ్యాయి, 2014లో మళ్లీ రెండయ్యాయి. ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దు వచ్చి పోయి మళ్లీ వచ్చింది.

మిత్రుడి ఇల్లు పాత ప్రాజెక్టు క్వార్టర్. ఇక్కడ వీధి పేర్లతో పని తక్కువ, క్వార్టర్ నంబరే చిరునామా. బారులు తీరిన ఒకే పోలిక ఇళ్లు, వాటికి ముందుకు ఒకరు రేకులు దించుకున్నారు, ఇంకొకరు గది కలుపుకున్నారు, మూడో ఇంటివాళ్లు మల్లెపందిరి వేశారు. ఇల్లందు కంపెనీ క్వార్టర్ల మధ్య నడుస్తున్నట్టే అనిపించింది. ఒకే అచ్చులో పోసిన ఇళ్లను కాలక్రమంలో ఎవరికి వాళ్లు తమవిగా చేసుకునే విద్య రెండుచోట్లా ఒకటే.

మిత్రుడి తండ్రిని నేను పెద్దనాన్న అంటాను. ఎనభై దాటినా వీపు వంగలేదు. పాలమూరు మెట్ట ఊరి నుంచి పద్నాలుగేళ్ల వయసులో మేనమామ వెంట ఇక్కడికి వచ్చాడు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా కొంత సొమ్ము ఇచ్చి, ఇంటికి ఇద్దరినో ముగ్గురినో పనికి రాయించుకునేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా గుంపు విడవడానికి లేదు. పాలమూరు లేబర్ అనే పేరు దేశంలోని ప్రాజెక్టులన్నింటికీ పాకింది ఇలాంటి గుంపుల వల్లనే. దాన్ని శ్రమశక్తి గొప్పతనం అని పొగిడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. వాన పడని నేలా, తీరని అప్పూ కలిసి తరిమితే వచ్చినవాళ్లు వాళ్లు.

ఇంత పెద్ద ఆనకట్టను రాతితో ఎందుకు కట్టారు? భాక్రాను కాంక్రీటుతో పోశారు. దానికి భారీ యంత్రాలు కావాలి, వాటిని తెప్పించడానికి విదేశీ మారకం కావాలి. అప్పట్లో దేశానికి అది కరువు, మనుషులు మాత్రం కావలసినంత మంది. చుట్టూ ఉన్న కొండల్లో రాయికీ కొదవ లేదు. అలా లెక్క కుదిరి 124 మీటర్ల ఎత్తున రాతికట్టడం లేచింది. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా దీన్ని చెబుతారు. గని లేదని మిత్రుడు అన్నాడు గానీ, నా లెక్కలో ఇది గనుల ఊరే. తవ్విన రాయి లారీలెక్కి ఎక్కడికో పోకుండా ఇక్కడే నిలబడిపోయింది.

“మందుపెట్టి పేల్చేవాళ్లు వేరు, చెక్కేవాళ్లు వేరు, మోసేవాళ్లు వేరు” అని పెద్దనాన్న మొదలుపెట్టాడు. చెక్కుడు పనిలో వడ్డెరలది పైచేయి. సమ్మెట దెబ్బ వినే రాయి ఎటు పగులుతుందో చెప్పేవాళ్లట. ఆడవాళ్లు తట్టల్లో సున్నం, సిమెంటు కలిపిన మాలు అందించేవారు. కర్రలు కట్టిన పరంజాల మీద మనిషి వెనక మనిషి బారుగా నిలబడితే, తట్ట నేల మీద ఆనకుండా పైదాకా పోయేది.

“పెద్ద రాయికి తాళ్లు వేసి బొంగు దూర్చి నలుగురం ఎత్తేవాళ్లం బిడ్డా. ఒకడు అడుగు తప్పితే నలుగురి కాళ్లూ పోతాయి. పక్కవాడిది ఏ కులమో తర్వాత, ముందు వాడి నడక చూసుకునేవాళ్లం.”

“మరి గుడిసెలు?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “గుడిసెలు ఎవరి గుంపువి వాళ్లవే. నీళ్ల దగ్గర కొట్లాటలు కూడా ఉండేవి. ఒట్టిమాటలు ఎందుకు చెప్పాలి నీకు?”

ఆ జవాబు విన్నాక ఆయన చెప్పిన మిగతావన్నీ నమ్మాను. కలరా వస్తుందని టీకాలు వేయడానికి వస్తే గుడిసెల వెనక్కి పారిపోయిన సంగతి, పనిలో ఎవరైనా పోతే ఆ పూట గుంపంతా కూలి వదులుకుని చందా వేసుకున్న సంగతి, పీర్ల పండుగకు పాలమూరువాళ్లూ తూర్పువాళ్లూ ఒకే గుండం చుట్టూ ఆడిన సంగతి చెబుతూ పోయాడు. పెద్దమ్మ మధ్యలో వచ్చి జొన్నరొట్టె, చేపల పులుసు ముందు పెట్టి, “ఆయనకు డ్యాం తప్ప ఇంకో కథ రాదు, నువ్వు తిను నాయనా” అంది. ఆవిడ కూడా ఆ తట్టల బారులో నిలబడినావిడే. ఆ ముక్క ఆవిడ చెప్పలేదు, మిత్రుడు చెప్పాడు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ రెండు కాలువలకూ నీళ్లు వదిలింది. కుడి కాలువకు నెహ్రూ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు. గేట్లు బిగించే పని 1974 దాకా సాగింది. రాతిపని తగ్గుతుండగానే గుంపులు శ్రీశైలానికీ పోచంపాడుకీ తరలిపోయాయి. పెద్దనాన్న పోలేదు. కాలువ మీద లస్కర్‌గా కుదిరాడు. తూములు ఎత్తడం, దించడం, రాత్రిపూట గట్టు వెంట లాంతరు పట్టుకుని తిరగడం, పదవీ విరమణ దాకా అదే ఉద్యోగం. “కట్టినప్పుడు రాయి బరువు తెలిసింది, లస్కర్ అయ్యాక నీటి బరువు తెలిసింది” అన్నాడు. చివరి ఆయకట్టు రైతులు రాత్రిళ్లు గొడ్డళ్లు పట్టుకుని వచ్చి తూము ఎత్తమని నిలదీసేవారట.

శనివారం

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పొద్దున్నే లాంచీ స్టేషన్‌కు వెళ్లాం. జనం చేరేదాకా లాంచీ కదలదు, అందువల్ల ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లతో మాట్లాడే తీరిక దొరికింది. వాళ్ల పెద్దలు విశాఖ వైపు నుంచి వచ్చారు. నీళ్లు నిలిచాక చేప పెరిగింది, చేప వెంట వాళ్లు. పాలమూరువాళ్లను రాయి తెచ్చింది, వీళ్లను నీళ్లు తెచ్చాయి. యాసలు ఇంకా వేరువేరుగానే వినిపిస్తాయి. పిల్లల మాట మాత్రం ఒకటైపోయింది, వాళ్లను చూసి ఎవరు ఎటువైపో పోల్చుకోలేం.

దాదాపు గంట ప్రయాణం. మన కింద ఒక లోయ మునిగి ఉందని తెలిసి కూర్చుంటే నీళ్లు మరోలా కనిపిస్తాయి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది ఆ లోయలోనే. సురపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడి స్తంభాల సంగతి పైవాళ్లకు తెలియజేశాడు. 1926లో పురావస్తు శాఖవాళ్లు వచ్చి చూశారు. ఆ తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వించాడు. ఆనకట్ట ఖాయమయ్యాక ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా పరుగు మీద తవ్వకాలు జరిగాయి. ఎంపిక చేసిన కట్టడాలను విప్పి, కొండ మీదికీ, అవతలి ఒడ్డున అనుపుకూ చేర్చి తిరిగి నిలబెట్టారు. ఒకే లోయలో, ఒకే సంవత్సరాల్లో, ఒక చోట పాత రాయిని పైకి మోస్తున్నారు, ఇంకో చోట కొత్త రాయిని పేరుస్తున్నారు.

మ్యూజియంలో శిల్పాలను అందరూ చూస్తారు. నన్ను ఆపింది ఆయక స్తంభాల, అంటే స్తూపానికి నాలుగు వైపులా నిలిపే స్తంభాల శాసనాలు. మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి ఎవరి చెల్లెలో, ఎవరికి అత్తో, ఏ యజ్ఞాలు చేసిన రాజు ఇంటి ఆడపడుచో అన్నీ అందులో రాయించుకుంది. పదిహేడు వందల ఏళ్లయినా ఆవిడ బంధువర్గమంతా మనకు తెలుసు. నిన్న రాత్రి నాకు రొట్టె పెట్టిన పెద్దమ్మ పేరు మాత్రం ఆనకట్ట మీద ఎక్కడా లేదు. ఆ రోజుల్లో కూడా రాయి చెక్కినవాళ్లకంటే దాతల పేర్లకే స్థలం ఎక్కువ దొరికిందన్నది నిజమే. లోయలో మునిగిన పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ల గురించి కూడా అక్కడ ఒక పలక ఉంటే బాగుండును. నాకు కనబడలేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. బుద్ధవనానికి వెళ్లాం. 274 ఎకరాలు, 2022 మే నెలలో తెరిచారు. మహాస్తూపం కింద చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, ఫోటోలకు బాగుంది. అంతకుమించి నాకు చెప్పడానికి లేదు.

సాయంత్రం ఆనకట్ట కింది వంతెన మీదికి నడిచాం. అక్కడి నుంచే కట్టడం మొత్తం ఒక్క చూపుకు అందుతుంది. ఆనకట్ట మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు. 2023 నవంబరు చివర్లో, తెలంగాణ ఎన్నికల పోలింగ్ ముందు రాత్రి, ఆంధ్ర పోలీసులు వచ్చి పదమూడు గేట్ల దాకా తమవని కంచె వేసిన గొడవ తెలిసిందే. తర్వాత కేంద్ర బలగాలు వచ్చాయి. ఆ మర్నాడు పెద్దనాన్న టీవీ ముందు కూర్చుని, “ఆ పదమూడో గేటు దగ్గర మేమే రాళ్లు పేర్చాం, అప్పుడెవరూ ఏ రాష్ట్రమని అడగలేదు” అని గొణుక్కున్నాడని మిత్రుడు చెప్పాడు. ఇటువైపు పిల్లలు రైట్ బ్యాంకులోని రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాళ్లే, అటువైపువాళ్లు ఇక్కడి కమలా నెహ్రూ ఆసుపత్రికి వచ్చినవాళ్లే. మాచర్లలో కోడళ్లు, హాలియాలో అల్లుళ్లు. నీటి పంచాయితీ పైన నడుస్తూనే ఉంటుంది, పెళ్లి పత్రికలు వంతెన దాటుతూనే ఉంటాయి.

అసలు ఈ ప్రాజెక్టు కథలో రెండు ఒడ్ల పట్టుదల మొదటి నుంచీ ఉంది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ దీనికోసం ఏళ్లతరబడి తిరిగాడు. 1952లో ఖోస్లా కమిటీ స్థలం చూడాల్సి వచ్చినప్పుడు నందికొండకు కార్లు పోయే దారే లేదు. ఆయన చుట్టుపక్కల పల్లెల జనాన్ని కూడగట్టి మాచర్ల వైపు నుంచి దారి వేయించాడు. రాత్రింబవళ్లు పనిచేసి గుంతలు పూడ్చి, రాళ్లు తొలగించారు. కమిటీ వచ్చింది, చూసింది, స్థలం బాగుందని రాసింది. పత్రికలు ప్రధాని ప్రసంగాన్ని గుర్తుపెట్టుకున్నాయి. నాకైతే ఆనకట్టకు అసలు పునాది ఆ మట్టిదారే.

రాత్రి క్వార్టర్ల ముందు కుర్చీలు వేసుకుని కొందరు కూడారు. చర్చ ఎప్పటిదే: ఇళ్ల హక్కులు. గోడలు ప్రాజెక్టువి, లోపల కాపురాలు మూడో తరానివి. పట్టాలిస్తామన్న హామీలు ఎన్నికల నాడు వినబడతాయి. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో లేకపోతే బ్యాంకు అప్పు రాదు, పైకప్పు మార్చాలన్నా జంకు. సింగరేణి ఊళ్లలో కూడా నేను విన్న గోడే ఇది. ఒకాయన లేచి, “మా నాయన కట్టిన డ్యాంకు నేను కిరాయిదారునా?” అన్నాడు. ఎవరూ జవాబివ్వలేదు గానీ, ఇంకొకాయన చందా పుస్తకం తీశాడు. నీళ్ల పైపు పగిలిందట, అధికారులకు అర్జీ పెట్టి ఎదురుచూసే బదులు తలా రెండు వందలు వేసుకుని రేపు పొద్దున బాగు చేయించేద్దామని. పది నిమిషాల్లో లెక్క తేలింది. అర్జీ కూడా పెట్టారు, అది వేరే సంగతి.

ఆదివారం

పైపు పని చూసి బయలుదేరాం. ప్లంబర్ ఒక్కడే, సలహాలు ఇచ్చేవాళ్లు పదిమంది.

లంబాపూర్, పెద్దగట్టు వైపు ఆటో మాట్లాడుకున్నాం. జలాశయం వెనక అంచున ఉన్న తండాలు అవి. ఒక గని రావాల్సి ఉండి రాని చోటు. ఇక్కడి రాతిలో యురేనియం ఉందని బోర్లు వేసి తేల్చారు. తవ్వడానికి యురేనియం కార్పొరేషన్ ముందుకు వచ్చింది. 2003 ఆగస్టులో ఇక్కడే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తండాల జనం, నల్గొండ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చిన వాళ్లూ కలిసి వద్దన్నారు. వాళ్లు అడిగిన ప్రశ్న సూటిది: ఒక పక్క సాగర్ నీళ్లు, ఇంకో పక్క హైదరాబాద్‌కు తాగునీరు పంపే అక్కంపల్లి జలాశయం, మధ్యలో ఈ గనా? అసలే ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా ఇది, నీటిలో ఇంకొకటి కలుస్తుందంటే ఊరుకోలేదు. తవ్వకం మొదలు కాలేదు. 2019లో అమ్రాబాద్ అడవుల దగ్గర అదే మాట మళ్లీ వస్తే నల్లమల అంతా కదిలింది. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

తండా మొదట్లో వేపచెట్టు కింద ఒక పెద్దావిడ మేకలకు ఆకు వేస్తోంది. సభ రోజు గుర్తుందా అమ్మా అంటే, గుర్తు లేకేం అంది. “పోలీసులు చాలామంది వచ్చారు. నేను మైకు ముందు మాట్లాడలేదు. మా ఆడవాళ్లందరం ముందు వరుసలో కూర్చున్నాం, లేవలేదు.” సాగర్ కట్టినప్పుడు వాళ్ల అత్తమామల పొలం నీళ్లలో పోయిందట. “ఒకసారి లేచి వచ్చాం. మళ్లీ లేవమంటే ఎక్కడికి పోతాం?”

మా ఆటో నడిపిన అబ్బాయికి ఈ మాట రుచించలేదు. గని వచ్చి ఉంటే ఇక్కడ రోడ్డు పడేది, తనలాంటివాళ్లకు ఉద్యోగాలు వచ్చేవి అన్నాడు.

“నీకు నెలకింత జీతం వస్తుంది, నా మేకలు ఏ నీళ్లు తాగాలి?” అంది ఆవిడ.

“మేకలు అమ్మేయ్ నాయనమ్మా.”

“నీ ఆటో అమ్మెయ్ ముందు.”

ఇద్దరూ నవ్వుతూనే అన్నారు గానీ ఎవరూ తగ్గలేదు. నేను ఆవిడ పక్షమే. కాకపోతే ఇల్లందులో జీతం రోజున మా వీధి ఎలా వెలిగేదో కూడా నాకు తెలుసు, అందుకే ఆ అబ్బాయి మాటను కొట్టిపారేయలేను.

మిత్రుణ్ణి సాగర్ పోయే జీపు ఎక్కించి, అదే ఆటోలో నేను కొండమల్లేపల్లి దారి పట్టాను, అక్కడైతే హైదరాబాద్ బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి. దారి పొడవునా పత్తికట్టె పీకిన చేలు, మధ్యలో ఎత్తిపోతల నీళ్లు అందినచోట బత్తాయి. పుట్టంగండి దగ్గర నీళ్లు తోడి ఇటు పోయడం మొదలయ్యాక కొన్ని ఊళ్లకు ప్రాణం వచ్చింది, అన్నింటికీ కాదు. ఆటో అబ్బాయి తన వాదన వదల్లేదు. గని రాకపోతే రాకపోయింది, ఇంకేదైనా రావాలి కదా సార్ అని అడుగుతూనే ఉన్నాడు. బస్టాండులో దిగి డబ్బులిస్తుంటే, వచ్చే నెల నుంచి ఈ ఆటో తమ్ముడు నడుపుతాడని చెప్పాడు. తాను మేస్త్రీతో పుణెకు పోతున్నాడట, పెద్ద అపార్ట్‌మెంట్ల పని. ముప్పై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు, ఆటో ఫైనాన్స్ వాయిదాలకు అది అప్పుడే అయిపోయింది.